ఇంట్లోనే ఒక్క లైను ఎక్స్ఛేంజి: పాత టెలిఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే పెట్టె ఇలా కట్టుకోండి

ల్యాండ్‌లైను తీసేసిన రోజు నుంచి మా అమ్మకీ హిందూపురంలో ఉన్న పెద్దమ్మకీ మధ్య మాటలు తగ్గిపోయాయి. ఇద్దరికీ సెల్‌ఫోన్లు కొనిచ్చాం. చెంప తగిలి మ్యూట్ పడుతుంది, పక్క మీట నొక్కుకుపోయి మోత వినపడదు, చార్జింగ్ ఎప్పుడు అయిపోతుందో తెలియదు. ఒకరోజు అమ్మ అటక మీద నుంచి గుండ్రటి డయల్ ఉన్న నల్ల ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) ఫోను దింపించి, గుడ్డతో తుడిచి నా ముందు పెట్టింది. "ఇది పని చెయ్యదా నాయనా?" అంది.

ఫోను బాగానే ఉంది. లేనిదల్లా దాని అవతలి కొస, అంటే ఎక్స్ఛేంజి. మేముండేది బెంగళూరులో కె.ఆర్.పురం వైపు. 1948లో ఐటీఐ ఫ్యాక్టరీ వెలిసిన దూరవాణి నగర్ మాకు దగ్గరే. టెలిఫోన్‌కి దూరవాణి అని పేరు పెట్టి, ఆ పేరుతో ఒక ఊరే కట్టుకున్న చోటు అది. అక్కడికి కూతవేటు దూరంలో ఒక మంచి ఫోను మూగగా ఉండడం నాకు నచ్చలేదు. ఆ అవతలి కొసను నేనే కట్టాను. పక్కన కంప్యూటర్ అక్కర్లేకుండా, కరెంటు ఇస్తే దానంతట అది లేచి డయల్ టోన్ ఇచ్చే పెట్టె అది. ఎలా కట్టాలో వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. సోల్డరింగ్ చేసే ఓపిక లేకపోతే గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ 801 లాంటి అడాప్టర్ కొనుక్కోండి. అది డయల్ ఫోన్లనూ అర్థం చేసుకుంటుంది. సొంతంగా కడితే వచ్చే లాభం వేరు. ఏ టోన్ ఎప్పుడు ఇవ్వాలో, రిసీవరు ఎత్తగానే ఏం జరగాలో, ఎవరి కాల్ లోపలికి రావాలో మీ ఇంటి పెద్దవాళ్ళ అలవాటును బట్టి మీరే నిర్ణయించుకోవచ్చు.

ఎక్స్ఛేంజి ఏం చేసేది?

పాత ఫోనులో తెలివి చాలా తక్కువ. పని మొత్తం ఎక్స్ఛేంజే చేసేది. అది చేసిన పనులన్నీ ఇప్పుడు మన పెట్టె చెయ్యాలి. ఒక్కటి వదిలినా ఫోను చచ్చినట్టే ఉంటుంది.

మొదటిది కరెంటు. రెండు తీగల మీద 48 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉండేది. భూమితో పోలిస్తే అది మైనస్ 48. తేమ తగిలినప్పుడు రాగి తీగ తుప్పు పట్టి తినుకుపోకుండా ఉండేందుకు నెగటివ్‌గా పెట్టారు. రెండోది మోత. గంట మోగాలంటే ఏసీ కావాలి, 20 నుంచి 25 హెర్ట్జ్ దగ్గర, 75 నుంచి 90 వోల్టుల దాకా. మూడోది కనిపెట్టి చూడడం. రిసీవరు ఎత్తగానే ఫోను లోపల సర్క్యూటు మూసుకుని 20 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల కరెంటు పారుతుంది, తీగల మధ్య వోల్టేజీ 10కి అటూ ఇటూ పడిపోతుంది. ఆ కరెంటును చూసే "ఇంట్లో ఎవరో ఎత్తారు" అని ఎక్స్ఛేంజి గ్రహించేది. నాలుగోది హైబ్రిడ్. రెండే తీగల మీద వెళ్ళే మాట, వచ్చే మాట కలిసి ప్రయాణిస్తాయి. వాటిని విడదీసే పని దానిది. చివరిది మాటను అంకెలుగా మార్చడం.

మొదటి నాలుగు పనులూ చేసే చిన్న మాడ్యూల్‌ని స్లిక్ అంటారు. ఐదో పని, సౌండ్ కార్డు తగిలించిన రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు చేస్తుంది. మన పెట్టె అంటే ఈ రెండే.

ఏమేం కావాలి

రాస్‌ప్‌బెరీ పై 3 లేదా 4. జీరో 2 డబ్ల్యూతోనూ పని నడుస్తుంది. కానీ అందులో ఈథర్‌నెట్ సాకెట్టు లేదు, వైఫై మీదే ఆధారపడాలి, యూఎస్‌బీకి ఓటీజీ ముక్క పెట్టాలి. మాట తెగకుండా రావాలంటే రూటరు నుంచి తీగ లాగడమే మేలు.

స్లిక్ మాడ్యూల్. సిల్వర్‌టెల్ కంపెనీ ఏజీ 1171 అభిరుచిగా కట్టేవాళ్ళలో పేరున్నది. కేఎస్ 0835ఎఫ్ అని అదే పద్ధతిలో పనిచేసే చవక రకం ఉంది. ఏది కొన్నా దాని డేటాషీట్ ముద్రించి పక్కన పెట్టుకోండి. కాళ్ళ వరుస, సప్లై వోల్టేజీ రకాన్ని బట్టి మారతాయి.

మైక్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, 16 జీబీ మెమరీ కార్డు, 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టరు, ఆర్‌జే 11 సాకెట్టు (ఫోను తీగ గుచ్చేది), చిల్లుల బోర్డు, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మూడు నాలుగు, ఒక 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, 1 కిలో, 10 కిలో, 20 కిలో ఓముల రెసిస్టర్లు, రెండు ఎల్‌ఈడీలు, ప్లాస్టిక్ పెట్టె. స్లిక్ మాడ్యూల్ తప్ప మిగతావన్నీ నాకు ఎస్.పి. రోడ్డులో దొరికాయి. చిక్‌పేట మెట్రోలో దిగి నడిచిపోవచ్చు. ఆదివారం వెళ్ళకండి, చాలా షాపులు మూసి ఉంటాయి. కన్నడం రాకపోయినా బెంగపడనక్కర్లేదు, ఆ సందుల్లో తెలుగు బాగానే చెల్లుతుంది. స్లిక్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

ముందు ఫోనును పరీక్షించండి

కొత్త సర్క్యూటుకి పాత జబ్బున్న ఫోను తగిలిస్తే తప్పు ఎక్కడుందో తెలియక రోజులు పోతాయి. మల్టీమీటరును ఓముల మీద పెట్టి, ఫోను రెండు తీగలకు తాకించండి. రిసీవరు పెట్టి ఉన్నప్పుడు దారి తెగినట్టే చూపాలి. గంటకు వరుసలో కెపాసిటర్ ఉంటుంది కాబట్టి డీసీ పారదు. ఎత్తగానే డయల్ ఫోనులో కొన్ని వందల ఓములు కనపడాలి. నొక్కుడు బటన్ల ఎలక్ట్రానిక్ ఫోనులో లోపల డయోడ్లు ఉంటాయి కనుక మీటరు ఎక్కువ చూపినా కంగారు పడవద్దు.

పాత రిసీవరులో మైకు అంటే బొగ్గు పలుకుల డబ్బీ. ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే పలుకులు గడ్డకట్టి మాట బొంగురుగా, సన్నగా వెళ్తుంది. రిసీవరును అరచేతిలో నాలుగుసార్లు తట్టండి. మీటరు అంకె ఊగుతూ మారితే పలుకులు విడినట్టు. మా ఫోనుకి ఈ ఒక్క పనితోనే సగం ప్రాణం వచ్చింది.

డయల్‌ని కూడా చూడండి. 0 తిప్పి వదిలితే లైను పదిసార్లు, సెకనుకి సుమారు పది చొప్పున తెగి కలవాలి. డయల్ తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడా తట్టుకోకూడదు.

తీగలు కలపడం

ఈ పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక, దీన్ని దాటవెయ్యకండి. గోడలో పాత ల్యాండ్‌లైను తీగ ఇంకా ఉంటే, గోడ మీద తీగలు కలిసే రోజెట్ డబ్బా దగ్గర దాన్ని బయటి లైను నుంచి పూర్తిగా విడదీయండి. మన పెట్టె కరెంటు ఇచ్చేది, ఎక్స్ఛేంజీ కరెంటు ఇచ్చేదే. రెండూ ఎదురెదురు తగిలితే మాడ్యూల్ మాడిపోతుంది, బయట స్తంభం మీద పనిచేస్తున్న మనిషికి మన మోత కరెంటు తగులుతుంది. అసలు ఇంటి గోడలోని తీగ వాడకుండా, పెట్టె నుంచి ఫోనుకి నేరుగా ఒక తీగ ఇవ్వడమే క్షేమం. మోత మోగుతున్నప్పుడు రెండు లైను తీగలనూ వేళ్ళతో ముట్టుకోకండి, గట్టిగా కొడుతుంది.

మాడ్యూల్‌లో మనకు కావలసిన కాళ్ళు కొన్నే. లైను తీగలు రెండూ ఆర్‌జే 11కి వెళ్తాయి. సప్లై, గ్రౌండు ఉంటాయి. మోత మోడ్‌కి ఆర్‌ఎమ్, లైను దిశ తిప్పడానికి ఎఫ్‌ఆర్ అనే ఇన్‌పుట్లు ఉంటాయి. రిసీవరు ఎత్తారా లేదా చెప్పే ఎస్‌హెచ్‌కే అనే ఔట్‌పుట్ ఉంటుంది. మాట లోపలికీ బయటికీ ఒక్కో కాలు ఉంటుంది.

ఆర్‌ఎమ్, ఎఫ్‌ఆర్ కాళ్ళను రాస్‌ప్‌బెరీ పై బోర్డు జీపీఐఓ పిన్నులకు (ప్రోగ్రాం ఆడించగల పిన్నులకు) కలపండి. ఎస్‌హెచ్‌కేని మాత్రం నేరుగా కలపకూడదు. 5 వోల్టుల మాడ్యూల్ అక్కడ 5 వోల్టులు ఇస్తుంది, రాస్‌ప్‌బెరీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి ఓర్వలేవు. నేను మొదటి రోజు ఈ సంగతి పట్టించుకోక ఒక పిన్ను కాల్చుకున్నాను. ఆ పిన్ను మళ్ళీ పలకలేదు. ఎస్‌హెచ్‌కే నుంచి 10 కిలో ఓములు, అక్కడి నుంచి గ్రౌండుకి 20 కిలో ఓములు పెట్టి, మధ్య బిందువును రాస్‌ప్‌బెరీ పై పిన్నుకి ఇవ్వండి. అప్పుడు 5 కాస్తా 3.3 అవుతుంది.

మాడ్యూల్‌కి కరెంటు రాస్‌ప్‌బెరీ పై బోర్డు మీద నుంచి కాకుండా, అడాప్టరు నుంచి వేరే తీగ మీద ఇవ్వండి. 470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని మాడ్యూల్ కాళ్ళకు ఆనించి పెట్టండి. 5 వోల్టుల నుంచి మోతకు కావలసిన ఎత్తు వోల్టేజీ తయారు చేసేటప్పుడు మాడ్యూల్ ఉన్నట్టుండి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కుదుపుకి రాస్‌ప్‌బెరీ పై రీస్టార్ట్ అయిపోతుంది. మోగిన ప్రతిసారీ పెట్టె చచ్చి లేస్తుంటే కారణం ఇదే.

ఈ దశలో ప్రోగ్రాం ఏమీ లేకుండానే ఒక పరీక్ష చెయ్యొచ్చు. కరెంటు ఇచ్చి లైను తీగల మధ్య కొలవండి. రిసీవరు పెట్టి ఉంటే డేటాషీట్ చెప్పిన వోల్టేజీ, ఎత్తితే దానికంటే బాగా తక్కువ కనపడాలి. రిసీవరులోకి ఊదితే మీ చెవికి మీ ఊపిరి వినపడాలి. పెట్టెకి ప్రాణం ఉందని అప్పుడే నమ్మండి.

మోత

ఆర్‌ఎమ్‌ని లేపి (అంటే దానికి వోల్టేజీ ఇచ్చి), ఎఫ్‌ఆర్‌ని 20 మిల్లీసెకండ్లకు ఒకసారి అటూ ఇటూ తిప్పితే 25 హెర్ట్జ్ మోత పుడుతుంది. మన దేశపు ఎక్స్ఛేంజీల వరుస ఇది: 0.4 సెకను మోగి, 0.2 ఆగి, 0.4 మోగి, 2 సెకన్లు ఆగడం. ఈ వరుసే పెట్టండి. విదేశీ పద్ధతిలో రెండు సెకన్లు ఏకధాటిగా మోగిస్తే పనిచేస్తుంది, కానీ అది మన ఇంటి మోతలా ఉండదు. వంటింట్లో ఉన్న అమ్మ ఆ జంట ట్రింగుల కోసమే తల తిప్పుతుంది.

చిన్న మాడ్యూళ్ళు ఎక్స్ఛేంజీ అంత బలంగా మోగించలేవు. పాత ఇత్తడి గంట నీరసంగా కొట్టుకుంటే ఫోను అడుగు విప్పండి. గంట గిన్నెల నడి రంధ్రం కాస్త పక్కకు ఉంటుంది. స్క్రూ వదులు చేసి గిన్నెను కొంచెం తిప్పితే సుత్తికి దూరం మారుతుంది. రెండు వైపులా సమానంగా తగిలేలా సర్దండి. అప్పటికీ రాకపోతే 20 హెర్ట్జ్ దాకా తగ్గించి చూడండి. ఒకే లైనుకి రెండో ఫోను మాత్రం తగిలించకండి.

మోగుతుండగా రిసీవరు ఎత్తితే వెంటనే మోత ఆపాలి, లేదంటే చెవిలో గుర్రుమంటుంది. మోత కరెంటు వల్ల ఎస్‌హెచ్‌కే ఆ సమయంలో ఊగిసలాడవచ్చు. కాబట్టి ఎత్తినట్టు కనపడగానే ముందు ఆర్‌ఎమ్‌ని దించండి, 50 మిల్లీసెకండ్లు ఆగి మళ్ళీ చూడండి. ఇంకా ఎత్తినట్టే ఉంటే కాల్ అందుకోండి, లేకపోతే మోత కొనసాగించండి.

మాట దారి

ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే.

మాడ్యూల్ నుంచి వచ్చే మాట సౌండ్ కార్డు మైకుకి చాలా పెద్దది. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, తర్వాత 10 కిలో ఓములు, అక్కడి నుంచి గ్రౌండుకి 1 కిలో. ఇలా పదోవంతుకి దించి, మళ్ళీ ఒక 1 మైక్రోఫారడ్ ద్వారా మైకుకి ఇవ్వండి. రెండో కెపాసిటర్ ఎందుకంటే, మైక్ సాకెట్టు తనంతట తాను కొద్దిపాటి డీసీ పంపుతుంది. అది మన రెసిస్టర్ల మీదికి రాకూడదు. హెడ్‌ఫోన్ వైపు నుంచి మాడ్యూల్‌కి ఒక్క కెపాసిటర్ చాలు.

తర్వాత సౌండ్ కార్డు మీటలు సర్దే ఆల్సా మిక్సర్ తెరిచి రెండు సంగతులు చూడండి. ఒకటి ఆటో గెయిన్ కంట్రోల్, దాన్ని ఆపెయ్యండి. అది మాట లేనప్పుడు చిన్న గురగురను కూడా పెంచి పంపుతుంది, బటన్ల టోన్లను చెడగొడుతుంది. రెండోది మైక్ శబ్దాన్ని తిరిగి హెడ్‌ఫోన్‌లోకి పోసే మీట. చాలా యూఎస్‌బీ కార్డుల్లో అది తెరిచి ఉంటుంది. దాన్ని మూయకపోతే మాట చుట్టూ తిరిగి ఊళ పెడుతుంది. నేను హైబ్రిడ్ పాడైందనుకుని రెండు సాయంత్రాలు టంకం విప్పి మళ్ళీ పెట్టాను. తప్పు ఈ చిన్న మీటలో ఉంది.

గుయ్ మనే శబ్దం ఉంటే గ్రౌండు తీగలన్నీ ఒకే బిందువు దగ్గర కలిశాయో లేదో చూడండి. అప్పటికీ పోకపోతే మాట దారి రెండింటిలోనూ 600 ఓములకు 600 ఓముల చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు పెడితే కార్డుకీ మాడ్యూల్‌కీ మధ్య గ్రౌండు లంకె తెగిపోతుంది.

ఇక ప్రతిధ్వని. దీన్ని కనిపెట్టడం కష్టం, ఎందుకంటే అది మనకు వినపడదు, అవతలి వాళ్ళకి వినపడుతుంది. హైబ్రిడ్ ఎంత బాగున్నా వచ్చిన మాటలో కొంత తిరిగి వెళ్ళే మాటలోకి జారుతుంది. పాత రోజుల్లో ఒకే ఊళ్ళో ఆలస్యం దాదాపు లేదు కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. ఇంటర్నెట్ మీద ఆ జారిన మాట పావు సెకను తర్వాత చేరి, "నా మాటే నాకు వినపడుతోంది" అంటారు. ముందు హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించండి, సగం జబ్బు దానితోనే నయమవుతుంది. మిగిలినదానికి, కాల్స్ నడిపే బేర్‌సిప్ ప్రోగ్రాంలో (దాని సంగతి కింద చెబుతాను) వెబ్ ఆర్‌టీసీ ప్రతిధ్వని తొలగించే మాడ్యూల్ ఆన్ చెయ్యండి. పరీక్షించేటప్పుడు అవతలి కొసన ఓపికున్న మనిషి కావాలి. మాకు పెద్దమ్మ మనవడు అరగంట సేపు "ఒకటి, రెండు, మూడు" చదివి పెట్టాడు.

సిప్ ఖాతా, దారి

ఇంటర్నెట్ ఫోన్ల మధ్య పిలుపు, జవాబు, ముగింపు ఇచ్చిపుచ్చుకునే భాష సిప్. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3261గా ఖరారైంది. మాట మాత్రం ఆర్‌టీపీ ప్యాకెట్లలో వేరే దారిన వెళ్తుంది. ఈ రెండూ వేర్వేరు దారులన్న సంగతి గుర్తుంటే, గంట మోగుతుంది కానీ మాట వినపడదు అనే జబ్బు ఎక్కడ పుడుతుందో అర్థమవుతుంది.

రాస్‌ప్‌బెరీ పైలో నడిచే ప్రోగ్రాంగా బేర్‌సిప్ బాగుంటుంది. చిన్నది, తెర అక్కర్లేదు. ఖాతాకి లిన్‌ఫోన్ వాళ్ళ ఉచిత సిప్ ఖాతాలు సరిపోతాయి. వాళ్ళ యాప్ వేసుకున్న ఏ సెల్‌ఫోన్ నుంచైనా అమ్మ నల్ల ఫోనుకి కాల్ చెయ్యొచ్చు. రెండు కొసలూ మనవే అయితే ఇంకో దారి ఉంది. అద్దె సర్వర్ ఒకటి తీసుకుని, వైర్‌గార్డ్ సొరంగం (ఇంటర్నెట్ మీద రెండు కొసల మధ్య సొంత రహస్య దారి) వేసి, అందులో నేరుగా సిప్ నడపడం. 25 సెకన్లకోసారి సొరంగాన్ని తట్టి లేపేలా అమర్చితే చాలు, ఇంటి రూటరు ఎలాంటిదైనా ఫర్వాలేదు. చాలా ఇళ్ళ బ్రాడ్‌బ్యాండ్‌కి సొంత పబ్లిక్ చిరునామా ఉండదు. ఎంతోమందిని ఒకే చిరునామా వెనక పెడతారు. మాట ఒకవైపే వినపడే సమస్యకి అదే ఎక్కువసార్లు మూలం. రూటరులో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఉంటే ఆపెయ్యండి. అది సాయం చేయబోయి చిరునామాలు తప్పుగా మారుస్తుంది.

రూటరులో సిప్ వాడే 5060 పోర్టును బయటికి తెరవకండి. తెరిచిన కాసేపటికే ఎక్కడెక్కడి యంత్రాలో తలుపు తట్టడం మొదలుపెడతాయి, అర్ధరాత్రి గంట మోగుతుంది.

కోడెక్‌గా, అంటే మాటను అంకెలుగా మార్చే పద్ధతిగా, జీ 711 ఏ-లా పెట్టండి. మన దేశపు ఎక్స్ఛేంజీలు వాడేది ఆ ఏ-లానే. సెకనుకి 64 కిలోబిట్లు మాటకి. 20 మిల్లీసెకండ్లకో ప్యాకెట్టు చొప్పున సెకనుకి 50 ప్యాకెట్లు, వాటి తలకట్లు కలిపితే 80 కిలోబిట్లు. గంట మాట్లాడితే ఒక్కో దిశలో 36 ఎంబీ, నేటి బ్రాడ్‌బ్యాండ్‌కి అది లెక్కలోకి రాదు. ఇంకా నాణ్యమైన కోడెక్ పెట్టినా ఉపయోగం లేదు. టెలిఫోను మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే. కోడెక్ కంటే ఆలస్యం ముఖ్యం. ఒక దిశలో 150 మిల్లీసెకండ్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు జీ 114 చెబుతుంది. అది దాటేకొద్దీ ఒకరి మాట మీద ఒకరు పడతారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళ కబుర్లలో అది ఇంకా త్వరగా తెలుస్తుంది.

మెదడు: చిన్న ప్రోగ్రాం

పైథాన్‌లో రెండు మూడు వందల వరుసల్లో అయిపోతుంది. బేర్‌సిప్‌లో టీసీపీ ద్వారా ఆజ్ఞలు తీసుకునే మాడ్యూల్ ఉంది, పోర్టు 4444. దాన్ని 127.0.0.1కి, అంటే పెట్టె లోపలికి మాత్రమే పరిమితం చెయ్యండి. మన ప్రోగ్రాం దానికి "డయల్ చెయ్యి, అందుకో, పెట్టేయ్" అని చెబుతుంది. అటునుంచి "కాల్ వచ్చింది, కలిసింది, ముగిసింది" అనే కబుర్లు వింటుంది.

ప్రోగ్రాం ఎప్పుడూ ఐదు స్థితుల్లో ఒకదాంట్లో ఉంటుంది: నిద్ర, టోన్, అంకెలు వినడం, మోత, మాట. నిద్రలో రిసీవరు ఎత్తితే టోన్‌కి వెళ్ళాలి. మొదటి అంకె పడగానే టోన్ ఆపి అంకెలు వినాలి. ఏ స్థితిలో ఉన్నా రిసీవరు పెట్టేస్తే కాల్ తెంపి నిద్రకి రావాలి. ఈ చివరి నియమాన్ని అన్నింటికంటే ముందు రాసి పరీక్షించండి. పెట్టేసినా తెగని ఫోను ఇంట్లో ఎవరికీ నమ్మకం కలిగించదు.

డయల్ ఫోను అంకెలు ఎస్‌హెచ్‌కే కాలి మీదే వచ్చేస్తాయి. డయల్ వెనక్కి తిరిగేటప్పుడు లైను ఒక్కో అంకెకు అన్నిసార్లు తెగుతుంది, ఒక్కో తెగుడు 60 మిల్లీసెకండ్ల ప్రాంతంలో. 10 మిల్లీసెకండ్ల కంటే చిన్న వణుకును వదిలెయ్యండి. 100 లోపు తెగితే అది డయల్ తెగుడు, లెక్కపెట్టండి. 300 మిల్లీసెకండ్లు కొత్త తెగుడు లేకపోతే ఆ అంకె పూర్తయింది, పది పడితే 0. అర సెకను దాటి తెగే ఉంటే పెట్టేసినట్టు. నొక్కుడు బటన్ల ఫోనైతే మాట దారిలో వచ్చే జంట టోన్లను మల్టీమాన్ ఎన్‌జీ అనే ప్రోగ్రాం చదివి పెడుతుంది. సౌండ్ కార్డును ఒకరు పట్టుకుంటే ఇంకొకరికి అందకపోవచ్చు. టోన్ వాయించేదాన్నీ, బటన్లు వినేదాన్నీ ముగించాకే బేర్‌సిప్‌కి కాల్ ఆజ్ఞ ఇవ్వండి.

టోన్లు మన పద్ధతిలోనే ఉండాలి. డయల్ టోన్ అంటే 400 హెర్ట్జ్ శబ్దాన్ని 25 హెర్ట్జ్‌తో ఊపితే వచ్చే బుర్రుమనే ధ్వని. అవతల మోగుతోందని చెప్పే టోన్ కూడా అదే ధ్వని, మోత వరుసలో. ఎంగేజ్ టోన్ వట్టి 400 హెర్ట్జ్, 0.75 సెకను వినపడి 0.75 ఆగుతుంది. దారి దొరకలేదని చెప్పేది అదే శబ్దం, 0.25 చొప్పున గబగబా. ఏ కంప్యూటర్‌లోనైనా ఆడాసిటీతో ఒకసారి తయారు చేసి ఫైళ్ళుగా పెట్టుకోండి.

సిప్ ఖాతా సర్వర్‌తో కలిసి ఉంటేనే డయల్ టోన్ ఇవ్వండి. ఇంటర్నెట్ లేనప్పుడు ఎత్తితే గబగబ టోన్ రావాలి. డయల్ టోన్ అంటే "నేను సిద్ధంగా ఉన్నాను, చెప్పండి" అని ఎక్స్ఛేంజీ ఇచ్చే మాట. లైను లేకుండా ఆ మాట ఇస్తే పెద్దవాళ్ళు నంబరు తిప్పి, మౌనం విని, తమదే తప్పనుకుని మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. మా అమ్మకి ఇప్పుడు టోన్ వింటే చాలు, "నెట్టు లేదు నాయనా, రూటరు చూడు" అని తనే చెబుతుంది.

నంబర్లను ఒక్క అంకెకు కుదించాను. 1 తిప్పితే పెద్దమ్మ, 2 తిప్పితే నేను, 3 తిప్పితే చెల్లెలు. అంకె తర్వాత మూడు సెకన్లు ఆగి కాల్ వెళ్తుంది. ఎత్తి ఆరు సెకన్లు ఏమీ తిప్పకపోతే నేరుగా పెద్దమ్మకే వెళ్తుంది. లోపలికి వచ్చే కాల్స్‌లో మా జాబితాలో ఉన్న చిరునామాలకే గంట మోగుతుంది.

తనంతట తాను లేవాలి

ప్రోగ్రాంనీ బేర్‌సిప్‌నీ సిస్టమ్‌డీ సేవలుగా (కరెంటు రాగానే వాటంతట అవే మొదలయ్యేలా) పెట్టి, పడిపోతే మళ్ళీ లేపేలా రాయండి. ఆ తర్వాత రాస్పీ కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చెయ్యండి. దానితో మెమరీ కార్డు మీద ఏమీ రాయకుండా నడుస్తుంది. కరెంటు పోయినప్పుడల్లా కార్డు పాడయ్యే బాధ తప్పుతుంది. మార్పులు చేసే రోజు దాన్ని ఆపి, చేసి, మళ్ళీ ఆన్ చెయ్యాలి. పెట్టె ముందు రెండు ఎల్‌ఈడీలు చాలు. పచ్చది ఖాతా కలిసిందని, ఎర్రది రిసీవరు ఎత్తి ఉందని. రిసీవరు సరిగ్గా పెట్టకపోవడమే ఎక్కువసార్లు "ఫోను పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుకి కారణం.

పాత ల్యాండ్‌లైను ఇంట్లో కరెంటు పోయినా పలికేది, దాని కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది కనుక. మన పెట్టెకి ఆ బలం లేదు. రూటరుకీ దీనికీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టండి. అయినా అత్యవసరానికి దీన్ని నమ్ముకోకండి. 112కి ఈ పెట్టె నుంచి కాల్ వెళ్ళదు. ఒక సెల్‌ఫోను చార్జింగ్‌తో ఇంట్లో ఉండి తీరాలి, ఆ సంగతి ఫోను పక్కనే కాగితం మీద రాసి అతికించండి.

చట్టం విషయం కూడా తెలుసుకోవాలి. మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతి ఉంది. మన పెట్టె ఇంటర్నెట్ నుంచి ఇంటర్నెట్‌కే మాట పంపుతుంది, చివర ఒక ఫోను మాత్రమే ఉంటుంది. దీనికి ఇంకో వైపు ల్యాండ్‌లైనో సిమ్ కార్డో తగిలించి, ఇంటర్నెట్ కాల్స్‌ని సాధారణ టెలిఫోన్ నెట్‌వర్క్‌లోకి పంపడం లైసెన్సు ఉన్న కంపెనీల పని. ఇంట్లో అలా చేస్తే నేరం. ఎంత సులువుగా అనిపించినా ఆ దిక్కు పోకండి. మామూలు నంబర్లకు కాల్స్ కావాలంటే లైసెన్సు ఉన్న కంపెనీ దగ్గర సిప్ ఖాతా తీసుకోండి.

అప్పగించే ముందు

పెట్టెను ఒక వారం మీ దగ్గరే నడపండి. రోజుకోసారి మెయిన్ స్విచ్ తీసి వెయ్యండి, రూటరును విడిగా ఆపి చూడండి. మీ చెయ్యి పడకుండా ప్రతిసారీ డయల్ టోన్ తిరిగి రావాలి. రాత్రంతా వదిలేసి తెల్లవారగానే బయటి నుంచి కాల్ చెయ్యండి. చాలాసేపు కదలిక లేకపోతే రూటరు దారి మరిచిపోయే జబ్బు అప్పుడే బయటపడుతుంది. అలా జరిగితే సిప్ రిజిస్ట్రేషన్ వ్యవధిని 60 సెకన్లకి తగ్గించండి.

రెండో పెట్టె మా పెద్దమ్మ కోసం కట్టి, పండక్కి వెళ్ళినప్పుడు హిందూపురం తీసుకెళ్ళాను. అక్కడ బటన్ల ఫోను. గోడ మేకుకి పెట్టె తగిలించి, రూటరుకి తీగ వేసి, పచ్చ దీపం కోసం చూస్తున్నాం. దీపం వెలిగిన కాసేపటికి, నేను ఇంకా స్క్రూ బిగిస్తుండగానే, మా కంటే ముందు బెంగళూరు నుంచి గంట మోగింది. పెద్దమ్మ ఎత్తి, "ఏమే, ఎన్నాళ్ళయిందే" అంది. నేను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, పెట్టె మూత తర్వాత వేద్దామని బయటికి వచ్చేశాను.